ట్యాంకుకి పట్టేంత

ఏసీ వేసి ఉంచుతాను, మీరు నిదానంగా రండి అని చెప్పి మెట్లు దిగి వచ్చేశాడు గానీ, కారులో కూర్చుని ఊపిరి పీల్చుకున్నాక చూసుకుంటే స్టీరింగు ముందు లేడు, పక్క సీట్లో ఉన్నాడు. అలవాటు మరి. డ్రైవింగ్ స్కూల్లో నేర్పి బతికేవాడికి కారంటే పక్క సీటే, ఆ సీటు ముందు తన పాదం కోసం వేరే ఒక బ్రేకు, పైన అద్దం పక్కన తనకోసం అతికించుకున్న ఇంకో చిన్న అద్దం, ఒళ్ళో చేతులు, నోట్లో మెల్లగా, మెల్లగా, తొందరేం లేదు అనే మాట. రెస్టారెంటు వెనక ఉన్న ఈ ఖాళీ స్థలంలో ఎండ కదలకుండా కూర్చుంది, వంటగది కిటికీలోంచి గిన్నెలు తోమే చప్పుడు, గోడవారన ఖాళీ సిలిండర్లు, వాటి నీడలో పడుకున్న పిల్లి. తాళంచెవి అరచేతిలో తడిసిపోయింది. ఒక్క గ్లాసు. అంతా కలిపి ఒక్క గ్లాసు, దాని మీద ఇవాళ రిటైరవుతున్న పెద్దాయన మళ్ళీ కాస్త వంచాడే అనుకో, ఒకటిన్నర. ఒకటిన్నర గ్లాసు ట్యాంకుకి ఒక లెక్కా? ఆ మాట అన్నది తనే, లోపల్లోపల, కాకపోతే పైన పార్టీలో ఉన్న స్కూలువాళ్ళ గొంతుతో. ఇంకాసేపట్లో ఆ నలుగురూ దిగి వస్తారు, పెద్దాయన ముందు సీట్లో కూర్చుంటాడు, మిగతా ముగ్గురూ వెనక ఇరుక్కుంటారు, పద ట్యాంకూ అంటారు. ఇతను నడపాలి. నడపలేడు. నడపలేనని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి, ఆ ఎందుకు అన్నదాన్ని ఏడాదిగా నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.

ట్యాంకు అని పేరు పెట్టింది మెకానిక్. స్కూల్లో చేరిన కొత్తల్లో ఒక సాయంత్రం షెడ్డులో అందరూ కూర్చుని తాగుతుంటే, ఎంత పోసినా ఇతని మాట తడబడలేదు, పైపెచ్చు మిగిలినవాళ్ళు గ్లాసుల్లో వదిలేసింది కూడా ఇతనే ఖాళీ చేసి, మూతి తుడుచుకుని లేచి నిలబడితే, ఇది పొట్ట కాదురా నాయనా, ట్యాంకు అన్నాడు. అంతే, అతికిపోయింది. జీతాలిచ్చే క్యాషియరు కూడా అసలు పేరు కోసం ఒక క్షణం తడుముకునేవాడు. ఆ పేరంటే ఇతనికి కోపం రాలేదు సరికదా, లోపల ఎక్కడో గర్వంగానే ఉండేది. లావుగా ఉన్నవాణ్ణి నలుగురూ నాలుగు మాటలంటారు, ఆ మాటలన్నిటిలోనూ ఇదొక్కటే కాస్త పనికొచ్చే మాట. ఏ పార్టీ అయినా చివర్లో తాళాలు ఇతని చేతికే వచ్చేవి, తాగి తూలుతున్నవాళ్ళందరినీ సంచుల్లా కారులో సర్ది ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళని దింపి, వాళ్ళ భార్యల మొహాల్లోకి చూడకుండా నమస్కారం పెట్టి తిరిగొచ్చేవాడు. మరి నువ్వు తాగలేదా అని ఎవరూ అడిగేవారు కాదు. తాగేవాడు, అందరికంటే ఎక్కువే తాగేవాడు. ఆ రోజుల్లోనూ అది తప్పే, ఎవరికీ ఏమీ తగల్లేదు కాబట్టి సరిపోయింది గానీ, పగలంతా పిల్లలకీ పెద్దలకీ రోడ్డు మీద ఎలా ఉండాలో చెప్పే మనిషి సాయంత్రానికి చేసే పనేనా అది? ఆ మాట తనకి తోచేది కాదు. కొన్నేళ్ళకి ఇంకో లావుపాటి మనిషి ఉద్యోగంలో చేరితే, ట్యాంకు అన్న పేరు అప్పటికే ఒకరికి పోయింది కాబట్టి డ్రమ్ము అన్నారు. డ్రమ్ము వచ్చిన మొదటి రోజే ఇతని పక్కన కుర్చీ లాక్కుని, కుర్చీ కిర్రుమంటే ఇద్దరూ ఒకేసారి నవ్వి, అన్నయ్యా అన్నాడు. అప్పట్నుంచీ అన్నయ్యే.

ఎండ అద్దంలోంచి మోకాళ్ళ మీదకు వచ్చింది. ఈ మోకాళ్ళు ఇప్పుడు తనవే అని నమ్మడానికి ఇంకా మనసొప్పదు, ఎముకలు కనిపిస్తున్నాయి. ఒకప్పుడు ఈ సీటు చివరికంటా వెనక్కి జరిపితే గానీ పట్టేవాడు కాదు, గేరు వేయబోయిన విద్యార్థి చెయ్యి ఇతని తొడకి తగిలి సారీ సార్ అనేది, బెల్టు కట్టలేక చేత్తో పట్టుకుని కూర్చునేవాడు, అందరికీ బెల్టు బెల్టు అని చెప్పే మనిషి. రాత్రిళ్ళు నిద్రలో ఊపిరి ఆగేది. ఆగిందని ఇతనికి తెలిసేది కాదు, పక్కన పడుకున్న భార్యకి తెలిసేది, ఆవిడ ఎన్నేళ్ళు నిద్ర మానుకుని ఆ ఊపిరి తిరిగొచ్చేదాకా వింటూ పడుకుందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకరోజు పొద్దున్నే, కుట్టుమిషన్ ముందు కూర్చుని దారం ఎక్కిస్తూ, "నా వల్ల కావట్లేదండీ, మీరు పోయినా పోకపోయినా ఏదో ఒకటి తేల్చండి," అంది. తేల్చాడు. ఊరెళ్తున్నానని స్కూల్లో సెలవు పెట్టి వెళ్ళి కోయించుకున్నాడు. లోపల పొట్టని కుట్టేసి కోడిగుడ్డంత సంచి మాత్రం మిగిల్చి, దాన్ని తీసుకెళ్ళి కింద పేగుకు కలిపారు. నెలలు గడిచేకొద్దీ మనిషి కరిగిపోతూ వచ్చాడు, చొక్కాలన్నీ భార్య మళ్ళీ మళ్ళీ లోపలికి కుట్టింది, కుట్టడానికి ఇక బట్ట మిగలక కొత్తవి కొన్నారు.

అబద్ధం చెప్పాలని అతను అనుకోలేదు, అది మాత్రం నిజం. సెలవు నుంచి వచ్చిన కొన్నాళ్ళకి, ఒళ్ళు తగ్గడం కళ్ళకి ఆనే సమయానికి, క్యాషియరు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏంటయ్యా, సగమైపోయావు, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. ఇతను నోరు తెరిచేలోపే మెకానిక్ ఆ పక్కనుంచి, "వాకింగ్ మొదలెట్టినట్టున్నాడు," అన్నాడు. "ఆఁ, వాకింగే," అన్నాడు ఇతను. ఎవరో తలుపు తీసి పట్టుకుంటే లోపలికి అడుగు పెట్టినంత తేలిగ్గా అనేశాడు. సాయంత్రానికల్లా స్కూలంతా పాకింది. పట్టుదల అంటే ట్యాంకుది, అన్నారు. నోరు కట్టుకున్నాడు, మనసు కట్టుకున్నాడు, అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఇతన్ని ఎవరైనా మెచ్చుకున్నారంటే ఎంత పడితే అంత పట్టినందుకే, పట్టుదల అన్న మాట ఇతని పేరు పక్కన వినడం అదే మొదలు. దాన్ని వదులుకోవడం ఎలా? కత్తి పెట్టించుకున్నవాళ్ళ గురించి ఇదే షెడ్డులో ఎన్ని మాటలు విన్నాడు, అడ్డదారి అని, ఒళ్ళు వంచలేక డబ్బు పారేసుకోవడమని. ఆ మాటలన్నప్పుడు ఇతనూ నవ్వాడు. వారం తిరక్కుండా ఒక తెల్లవారుజామున తలుపు తడితే తీశాడు, గుమ్మంలో డ్రమ్ము, కాళ్ళకి కొత్త బూట్లు, మొహం నిండా సిగ్గు. "నన్ను కూడా తీసుకెళ్ళన్నయ్యా," అన్నాడు. చేసేదేముంది, చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. వాకింగ్ అన్న అబద్ధాన్ని నిలబెట్టడం కోసం రోజూ వాకింగ్ చేయాల్సి వచ్చిన మనిషి ఇతనొక్కడే అయి ఉంటాడు. చలికి, వానకి, నడిచారు. ఇతను తగ్గాడు. డ్రమ్ము చెమట పట్టాడు, రొప్పాడు, తిండి సగానికి సగం చేశాడు, ఒక అంగుళం తగ్గి రెండు అంగుళాలు పెరిగాడు.

తల లోపల ఏదో తేలుతోంది. బాగానే ఉంది, అదే భయం. మనసు మెత్తగా, బరువంతా దించేసినట్టుగా, ఎండ కూడా ఇంత చెడ్డది కాదులే అన్నట్టుగా. ఈ మెత్తదనం గురించే ఆసుపత్రిలో ఆ డైటీషియన్ అమ్మాయి చెప్పింది. చిన్న గది, గోడ మీద కూరగాయల బొమ్మలు, ఆ పిల్లకి జలుబు, మాట మాటకీ ముక్కు తుడుచుకుంటోంది. "మందు అలవాటుందా అండీ?" అంది. ఉంది అంటే భార్య ఇటు తిరిగి చూసింది, ఆ చూపులో ఆ మాట సరిపోదు ఇంకాస్త చెప్పండి అని ఉంది. "ఏడాది దాకా అసలు ముట్టుకోకండి. ఆ తర్వాతైనా నా మాట వింటే మానేయడమే మంచిది. తాగే తీరతానంటారా, ముందు ఏదైనా తినండి, తర్వాత కొంచెం, ఇంట్లో, పక్కన మనిషి ఉండగా. సోడా వద్దు, తియ్యగా ఉండేవి కలపొద్దు." కొంచెం అంటే ఎంత అని అడిగాడు ఇతను, నవ్వుతూ, తన కొంచెం అన్న మాటకి ఊళ్ళో ఉన్న పేరు తలుచుకుంటూ. ఆ అమ్మాయి నవ్వలేదు. "మీ పాత లెక్కలన్నీ మర్చిపోండి సార్. ఇదివరకు మీ పొట్టలో అది కాసేపు నిలిచేది, ఇప్పుడు నిలవడానికి చోటు లేదు, నేరుగా పేగులోకి, పేగులోంచి రక్తంలోకి. ఎక్కడం తొందరగా ఎక్కుతుంది, దిగడం మాత్రం తొందరగా దిగదు. చక్కెర కూడా పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, చూసేవాళ్ళకి తాగి పడ్డాడనే అనిపిస్తుంది. ఒక్క గుటక తాగినా సరే, ఆ రోజుకి బండి తాళం ముట్టుకోవద్దు." ఏం పని చేస్తారు మీరు అని అప్పుడడిగింది. చెప్పాడు. ఆ అమ్మాయి రుమాలు ముక్కు దగ్గరే ఆపి ఇతని వంక చూసి, ఇంకో మాట కూడా చెప్పింది, తిండి మీంచి లేచిన మనసు ఊరికే కూర్చోదండీ, ఎక్కడో ఒకచోట వాలాలని చూస్తుంది, మందు మీద వాలనివ్వకండి, అని. జలుబు పట్టిన పిల్ల, ఇతని కూతురంత కూడా ఉండదు.

వాలింది. ఆ విషయం భార్యకి తెలుసు, ఇతనికి తెలుసు. ఏడాది నిండకముందే ఒక సాయంత్రం, ఆవిడ తన కుట్టు షాపు నుంచి ఇంకా రాలేదు, ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, చేతులకి పని లేదు. ఒకప్పుడు ఆ వేళకి ఏదో ఒక పొట్లం విప్పి ముందు పెట్టుకునేవాడు, టీవీ చూస్తూ చెయ్యి దానంతటదే నోటికి పోయి వచ్చేది, అదొక స్నేహం. ఇప్పుడు నాలుగు స్పూన్లు తింటే ఛాతీలో పట్టేస్తుంది, తిన్న వెంటనే నీళ్ళు తాగకూడదు, నమిలిందే మళ్ళీ నమలాలి, తిండి మందులా గడియారం చూసి తీసుకునే వస్తువైంది. అల్మారా పైఅరలో పాత సీసా ఒకటి ఉంది. రెండు మూతలే పోసుకున్నాడు, ఒట్టు. కాసేపటికి ఆ సాయంత్రం ఎంత బాగుందో! ఎవరో వెనక నుంచి వచ్చి భుజాల మీద చేతులు వేసినట్టుంది. భార్య వచ్చేసరికి స్నానాలగదిలో నేల మీద కూర్చుని ఉన్నాడట, నవ్వుతున్నాడట, చెమటతో తడిసిపోయి, లేవమంటే కాళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కున్నాడట. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చక్కెర నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టించి, తుడిచి, మంచం మీదకి చేర్చి, "తాగాలనిపిస్తే నాకు చెప్పి తాగండి, నేను పక్కన కూర్చుంటాను," అంది. ఎంత అలిసిపోతే ఒక ఆడమనిషి అలాంటి మాట అంటుంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అనిపించింది. ఒకసారి చెప్పాడు, ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది, ఇద్దరూ సీసా వంక చూస్తూ కూర్చుని చివరికి తాగకుండానే లేచారు. ఇంకోసారి చెప్పలేదు.

ఈ ఏడాదిలో పార్టీలు రాలేదని కాదు. మందులు వాడుతున్నానని ఒకసారి, వాకింగ్ చేసేవాడు తాగితే ఏం లాభం అని ఒకసారి, నీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని దాన్నే అందరికీ చూపించుకుంటూ ఇంకోసారి, ఎలాగో గట్టెక్కాడు. ఇవాళ పెద్దాయన వీడ్కోలు. స్కూలు పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి, ఇతనికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే, ఉద్యోగం ఇప్పించింది ఆయనే, మొదటి నెలలో ఇతను కారు తీసుకెళ్ళి గేటుకి కొడితే ఆ సొట్ట తన ఖాతాలో వేసుకున్నది ఆయనే. చూపు మందగించి ఇక చాలని కూర్చుంటున్నాడు. పైన బల్ల చివర నిలబడి, సీసా తనే తీసుకుని ఒక్కొక్కరికీ పోసుకుంటూ వచ్చాడు, ఇతని దగ్గరికి వచ్చేసరికి ఆగి, "నీకు నా చేత్తో మళ్ళీ పోసే రోజు రాదురా. కాదనకు," అన్నాడు. ఇంకెవరైనా అయితే కాదనేవాడు. ఒక గుటకలో సగం వేసేశాడు, చేతికి తెలిసింది పాత లెక్కే మరి, పొట్ట మారిందన్న సంగతి దానికి ఎవరు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ట్యాంకు తిరిగొచ్చాడు అని మెకానిక్ కేకేశాడు. ఆ కేక వింటే ఎంత హాయిగా అనిపించిందో చెప్పుకుంటే సిగ్గు, మిగతా సగం ఆ హాయి కోసమే తాగాడు. పెద్దాయన మళ్ళీ వంచాడు. అదీ తాగాడు. మాంసం ముక్కలు పళ్ళెంలో అలాగే ఉన్నాయి, ఒక్కటి నోట్లో వేసుకున్నా కొంత నయంగా ఉండేదేమో. వేడి ముందు చెవుల్లోకి వచ్చింది, తర్వాత పెదాలు తనవి కానట్టయ్యాయి, అప్పుడు లేచి ఏసీ వేసి ఉంచుతానన్నాడు.

సరే, చూద్దాం, అనుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి పెట్టే పరీక్షే తనకి పెట్టుకున్నాడు. పాదం కింద పెట్టి, ఎదుటి గోడ చూస్తూ, పిల్లి లేచి రోడ్డుకి అడ్డం వచ్చిందనుకుని, బ్రేకు అని తనకి తనే చెప్పి, నొక్కాడు. పాదం వెళ్ళింది. వెళ్ళింది గానీ, అనుకోవడానికీ వెళ్ళడానికీ మధ్య ఒక సందు. ఇంకోసారి. అదే సందు. ఎన్నో వేలసార్లు ఇతరుల ప్రాణాలు కాపాడిన పాదం, పక్కవాడు భయపడేలోపే వెళ్ళి నొక్కే పాదం, ఇప్పుడు ఎవరో నిద్రలేపితే తప్ప లేవనట్టు ఉంది. ఫోను తీసి భార్యకి కలిపాడు. వెనక కుట్టుమిషన్ చప్పుడు, అది ఆగింది.

"ఎంత?" అంది ఆవిడ. గొంతు వినగానే తెలిసిపోయింది.

"ఒకటిన్నర."

"ఏమైనా తిన్నారా?"

"లేదు."

"బ్యాగులో ఆ డబ్బా ఉంది, అందులో గుడ్డు ఉంది, తినండి. మెల్లగా. నడపాలనుకుంటున్నారా?"

"నలుగురూ వస్తున్నారు. పెద్దాయన కూడా. ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పండి."

"నవ్వుతారు."

"నవ్వనీండి. ఏడాదిగా మీ అబద్ధానికి చొక్కాలు కుడుతున్నాను, నాకు విసుగొచ్చింది." ఆవిడ పక్కనెవరితోనో ఏదో అని మళ్ళీ ఫోనులోకి వచ్చింది. "ఒక మాట చెప్పనా. రాత్రి మీ ఊపిరి కోసం చెవి పెట్టి పడుకోవడం ఈ మధ్యే మానేశాను. మళ్ళీ మొదలెట్టించకండి."

గుడ్డు తిన్నాడు, పావు వంతు, పావు వంతు. గొంతులో పొడిగా దిగింది. తినడానికి ఉన్న ఓపిక చెప్పడానికి లేదు. ఉన్నది చెప్పండి అంటే ఉన్నది ఒకటా, కోయించుకున్నది ఒకటి, దాచింది ఒకటి, ఆ దాచినదాని మీద ఏడాది పొడుగునా కట్టుకుంటూ వచ్చింది ఇంకొకటి. ఒంట్లో బాగాలేదంటే? ఒకటిన్నర గ్లాసుకి ట్యాంకుకి ఒంట్లో బాగాలేదా అంటారు. క్లచ్చు పోయిందంటే? మెకానిక్ ఉన్నాడు, బానెట్టు ఎత్తుతాడు. టైరు. టైరులో గాలి పోతే ఎవరేం చేయగలరు, స్పేరు టైరు షెడ్డులోనే వదిలేసి వచ్చారు, పెద్దాయన సామాన్లు పెట్టడానికి డిక్కీ ఖాళీ చేసినప్పుడు. ఎంత తేలికో. డోరు తీసుకుని దిగి, కారుకి అటువైపు వెళ్ళి, వెనక చక్రం దగ్గర కూలబడ్డాడు. నేల కాలుతోంది. రోజూ పొద్దున్నే విద్యార్థులని వరసగా నిలబెట్టి, బండి ఎక్కేముందు నాలుగు చక్రాలూ చూసుకోవాలమ్మా, గాలే ప్రాణం, అని చెప్పే మనిషి, గాలి వాల్వు మీది ఆ చిన్న నల్ల మూత వేళ్ళతో తిప్పుతుంటే అది జారి జారి పోతోంది. ఊడింది. లోపలి పుల్లని గోరుతో నొక్కితే చాలు. నొక్కలేదు ఇంకా. తల చక్రానికి ఆనించి, ఎంత అలసటగా ఉందిరా దేవుడా అనుకున్నాడు, అది మందు అలసట కాదు, పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా తన గురించి తానే ఒక కథ మోసుకు తిరిగే అలసట.

"ఏంటన్నయ్యా, గాలి చూస్తున్నావా?"

డ్రమ్ము. ఒక్కడే ముందు దిగి వచ్చాడు, మెట్లు దిగినందుకే రొప్పుతున్నాడు, మొహం తాగిన ఎరుపు, చేతిలో ఒక కాగితం పొట్లం. "నువ్వేం తినలేదని పెద్దాయన కట్టించాడు," అని దాన్ని కారు మీద పెట్టి, తనూ కారుకి ఆనుకుని, అలాగే మెల్లగా జారి ఇతని పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు. లావుపాటి మనిషి నేల మీద కూర్చున్నాడంటే లేవడం గురించి ఆశ వదులుకున్నాడనే అర్థం, ఆ సంగతి ఇతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది. మూత ఇంకా ఇతని పిడికిట్లోనే ఉంది.

"నీకో మాట చెప్పాలన్నయ్యా. పైన అందరి ముందూ చెప్పలేక ముందే దిగొచ్చా," అన్నాడు డ్రమ్ము. "రేపటి నుంచి నేను వాకింగుకి రాను."

"ఏం?"

"నా వల్ల కాదు. నీకున్నది నాకు లేదన్నయ్యా, ఆ పట్టుదల. మా ఆవిడ కూడా అదే అంటుంది, మీ అన్నయ్యని చూసి సిగ్గు తెచ్చుకోండి అంటుంది. రోజూ తెచ్చుకుంటూనే ఉన్నా సిగ్గు, ఒళ్ళు మాత్రం తగ్గట్లేదు." నవ్వాడు, నవ్వులో సగానికి దగ్గొచ్చింది. "షుగరు బాగా పెరిగిపోయిందట. కాలి బొటనవేలికి దెబ్బ తగిలింది చూడు, మానట్లేదు. డాక్టరేమో ఆపరేషన్ చేయించుకోమంటాడు, పొట్టకి. చిన్నదేనట, చాలామంది చేయించుకుంటున్నారట. నేను ఛీ అన్నా. మా అన్నయ్య ఏ కత్తీ లేకుండా సగమైపోయాడు డాక్టరుగారూ, నాకు కావాల్సింది కత్తి కాదు, బుద్ధి, అన్నా. ఆయన నవ్వాడు. ఎవరండీ ఆ అన్నయ్య, ఒకసారి తీసుకురండి, చూస్తాను, అన్నాడు."

వంటగదిలో ఎవరో పెద్ద పాత్ర బోర్లించారు. ఇతను డ్రమ్ము కాలి వంక చూశాడు, చెప్పులోంచి బయటికి వచ్చిన ఆ బొటనవేలు, దాని మీద నల్లబడ్డ కట్టు, రోజూ తన పక్కన నడిచిన కాలు. నొప్పిగా ఉందని ఒక్కరోజు కూడా అనలేదు వెధవ. అనుంటే ఆగేవాళ్ళు. ఆగితే ఇతని అబద్ధం కూడా ఒక రోజు విశ్రాంతి తీసుకునేది. మెట్ల మీద నవ్వులు, అడుగుల చప్పుడు, మెకానిక్ గొంతు, క్యాషియరు గొంతు, వాళ్ళ మధ్య రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ వెతుక్కుంటూ దిగుతున్న పెద్దాయన. గోరు వాల్వు మీదే ఉంది. నొక్కితే సుయ్యిమంటుంది, అందరూ అయ్యో అంటారు, టాక్సీలు పిలుస్తారు, ఎవరి ఇంటికి వాళ్ళు పోతారు, డ్రమ్ము కూడా పోతాడు, బుద్ధి లేని తన ఒంటిని తిట్టుకుంటూ, ఆ కాలితో. ఇతను గోరు తీసేసి, మూత మళ్ళీ బిగించి, కారు పట్టుకుని పైకి లేచాడు. లోకం ఒక చుట్టు తిరిగి వచ్చి నిలబడింది.

"పద ట్యాంకూ, ముందు పెద్దాయన ఇల్లు," అన్నాడు మెకానిక్.

"నేను నడపను. టాక్సీ పిలవండి," అన్నాడు ఇతను. మాట కొంచెం ముద్దగా వచ్చింది. "నాకెక్కింది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మెకానిక్ పగలబడి నవ్వాడు. ట్యాంకుకి ఎక్కిందట! క్యాషియరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. గ్లాసున్నరకి, గ్లాసున్నరకి ఎక్కిందట ఇతనికి. పెద్దాయన కూడా నవ్వాడు, ఎవరిని చూసి నవ్వాలో సరిగ్గా కనిపించక కొంచెం పక్కకి చూస్తూ. ఇతను మళ్ళీ చెప్పాడు, నిజంగానే అని. వాళ్ళు ఇంకా నవ్వారు, ఇవాళ మంచి జోకు వేశాడురా అన్నారు, డోరు తీయబోయారు. డ్రమ్ము కింద నుంచి చెయ్యి చాపి, "అన్నయ్యా, లేపు," అంటున్నాడు, అతనూ నవ్వుతూనే ఉన్నాడు. ఇంక చెప్పడానికి మాటలు వెతికే ఓపిక ఇతనికి లేకపోయింది. చొక్కా ప్యాంటులోంచి లాగి, రెండు చేతులతో ఛాతీ దాకా ఎత్తి పట్టుకున్నాడు.

ఎండలో పొట్ట కనిపించింది. ఏ వాకింగూ చేసి పెట్టలేని పొట్ట, లోపలిదంతా ఖాళీ చేసి వదిలేసిన సంచిలా మడతలు మడతలుగా వేలాడుతున్న చర్మం, దాని మీద అక్కడక్కడా వేలెడేసి గీతలు, తెల్లబడిపోయినవి. "పోయిన ఏడాది కోయించుకున్నాను," అన్నాడు. "ఊరికి వెళ్ళలేదు. పొట్టే లేదు నాకిప్పుడు, తాగితే నిలవదు. ఈ స్థితిలో నడిపితే మిమ్మల్ని చంపుతాను." నవ్వు ఒక్కొక్కరి మొహం మీంచి ఒక్కో రకంగా పోయింది. మెకానిక్ తల పక్కకి తిప్పుకున్నాడు. క్యాషియరు జేబులో ఫోను కోసం తడుముకుంటూ, టాక్సీ, టాక్సీ అని తనలో తను అనుకున్నాడు. పెద్దాయన దగ్గరగా వచ్చి, చూపు ఆనక వంగి, ఆ గీతలని అంత దగ్గర నుంచి చూసి, "నా చేత్తో పోశాను కదరా. ఒక్క మాట చెప్తే పోసేవాణ్ణా," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, కోపం ఉంటే ఇతనికి ఊపిరాడేది.

డ్రమ్ము చాపిన చెయ్యి దించేశాడు. ఎవరి సాయం లేకుండా, చక్రం పట్టుకుని, మోకాలి మీద బరువు మోపి, మూలుగుతూ తనంతట తనే లేచి నిలబడ్డాడు. వెనక అంటిన దుమ్ము దులుపుకోలేదు. ఆ పొట్ట వంక చాలాసేపు చూశాడు, ఒక గీత దగ్గర నుంచి ఇంకో గీత దగ్గరికి, ఏదో చదువుతున్నట్టుగా. "మరి నాతో రోజూ ఎందుకు నడిచావు?" అన్నాడు. ఇతనికి ఎన్నో జవాబులు తోచాయి, నీకోసం అని, నువ్వొక్కడివే నడవడం ఇష్టం లేక అని, అందులో కొంత నిజం కూడా ఉంది. "చెప్పలేక," అన్నాడు.

టాక్సీ వచ్చింది. పెద్దాయనని ముందు ఎక్కించారు, మిగతా ఇద్దరూ ఎక్కారు, డ్రమ్ము కోసం తలుపు తెరిచి ఉంచారు. అతను ఒక కాలు లోపల పెట్టి, ఆగి, వెనక్కి తిరక్కుండానే, "ఆపరేషన్ చేసిన ఆ డాక్టరుగారి నంబరు ఉందా?" అన్నాడు.

"ఉంది."

"ఉంటే పంపండి," అన్నాడు డ్రమ్ము. "మీకు వీలైనప్పుడు."

తలుపు వేసుకున్నాడు. చేరిన రోజు నుంచి నువ్వు, రా, పో అన్నదే తప్ప డ్రమ్ము ఇతన్ని మీరు అనడం అదే మొదలు. టాక్సీ సందు మలుపు తిరిగేదాకా ఇతను చొక్కా దించుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.